మూఢంలో దొరికిన చుక్క

2025 జూన్‌లో గురు మూఢం వచ్చి నా పొట్ట కొట్టింది. పెళ్లి ఫొటోగ్రాఫర్‌కు మూఢమంటే ఏమిటో వేరే చెప్పాలా? ఫోన్ మోగదు. మోగినా "అన్నా, మా ఆల్బమ్ ఎప్పుడిస్తావ్" అని అడిగేవాళ్లే. గురుడు సూర్యుడి పక్కకు చేరి ఆ వెలుగులో కనపడకుండా పోయే రోజులనే మూఢం అంటారని నాకు చాలా ఏళ్ల వరకు తెలియదు. పంచాంగంలో వద్దని ఉంది, పంతులుగారు వద్దన్నారు, అంతే అనుకునేవాణ్ణి. ఆ జూన్ 24న గురుడు సూర్యుడున్న దిక్కుకే చేరాడు. అటు కొన్ని రోజులు, ఇటు కొన్ని రోజులు అనంతపురంలో మేళాల చప్పుడు లేదు. మూఢం పోయేలోపే ఆషాఢం పట్టింది. అంటే శ్రావణం దాకా కెమెరాలు బీరువాలోనే.

గురుడు నా బేరం చెడగొట్టిన ఆ రోజుల్లోనే ఆకాశంలో ఇంకో మూల ఒక చుక్క పేలింది, నోవా అంటారు దాన్ని. జూన్ 12న దాన్ని అసాసిన్ (ASAS-SN) అనే సర్వే పట్టుకుంది. రాత్రంతా ఆకాశాన్ని వాటంతటవే ఫొటోలు తీసే చిన్న చిన్న టెలిస్కోపుల జట్టు అది. లూపస్ అనే నక్షత్ర మండలంలో కనపడింది కాబట్టి వీ462 లూపై అని పేరు పెట్టారు. కనుక్కున్నప్పుడు 8.7 మాగ్నిట్యూడ్. చుక్క వెలుగుకు కొలత అది, అంకె తగ్గేకొద్దీ వెలుగు ఎక్కువ. వారం తిరిగేసరికి అయిదున్నర ప్రాంతానికి వచ్చింది. అంటే పల్లెలో చీకటి మిద్దె మీద పడుకుని, ఎక్కడ చూడాలో తెలిస్తే, కంటికే కనపడేంత. మా రామనగర్ మిద్దె మీద నుంచి మాత్రం అంత సీన్ లేదు.

నాకు దాని ఫొటో అక్కర్లేదు. ఫొటో తీస్తే ఏముంటుంది, నల్లటి కాగితం మీద ఇంకో తెల్ల చుక్క. నాకు కావాల్సింది దాని వర్ణపటం, అంటే దాని వెలుగును రంగులుగా విడగొట్టి పరిచిన పట్టీ. ఫొటోగ్రాఫర్‌కు ఈ పిచ్చి ఎలా పట్టిందో ముందు చెప్పాలి.

నాలుగేళ్ల కిందట ఒక పెళ్లి. పెళ్లికూతురిది ధర్మవరం పట్టుచీర, నిండు కుంకుమ రంగు. ఆల్బమ్ చూసి వాళ్లమ్మ "ఇదేం చీరబ్బా, ఇటుక రంగులో ఉంది, మాది కాదిది" అని గొడవ పెట్టుకుంది. నేను వైట్ బ్యాలెన్స్ ఎంత తిప్పినా ఆ కుంకుమ రాలేదు. తర్వాత అదే హాల్లో ఇంకో ఫంక్షన్ వచ్చినప్పుడు ఒక పాత సీడీ తీసుకెళ్లి, దాని మెరిసే పక్కన ఆ లైట్ల ప్రతిబింబం చూశాను. నీలంలో ఒక గట్టి గీత, దాని పక్కన సన్నని లోయ, తర్వాత పసుపుపచ్చ గుట్ట, ఎరుపుకు వచ్చేసరికి వెలుగు నీరుగారిపోయింది. చీరలో ఎరుపుంది, లైటులో లేదు. లేని రంగును కెమెరా ఎక్కడి నుంచి తెస్తుంది? ఆ అమ్మకు ఇది చెప్పే ధైర్యం నాకు లేకపోయింది. డబ్బులు తగ్గించుకుని ఇంటికొచ్చాను.

సీడీ మీద మిల్లీమీటరుకు 625 గాడులు ఉంటాయి. ఆ గాడులే వెలుగును రంగులుగా విడగొట్టి పరుస్తాయి. అదే పని చక్కగా చేసే గాజుబిళ్ల ఒకటి దొరుకుతుందని తర్వాత తెలిసింది. స్టార్ అనలైజర్ 100. మిల్లీమీటరుకు 100 గాడులు, రూపాయి బిళ్ల కంటే కాస్త పెద్దది, టెలిస్కోపు ఐపీస్‌కు బిగించే ఫిల్టర్ సైజు. వెలుగులో ఎక్కువ భాగాన్ని ఒకే పక్కకు తోసేటట్టు దాని గాడులను ఏటవాలుగా కోస్తారు. నాకు టెలిస్కోపు లేదు. 85 ఎంఎం లెన్స్ ఉంది, పెళ్లికూతుళ్ల క్లోజప్‌లు తీసేది. దాని క్యాప్‌కు సోల్డరింగ్ ఐరన్‌తో గుండ్రంగా బొక్క పెట్టి, బిళ్లను అందులో అరాల్డైట్‌తో అతికించాను. మా ఆవిడ చూసి "లెన్స్ క్యాప్ పోగొట్టుకున్నావని ప్రతి పెళ్లికీ ఒకటి కొంటావు, ఇప్పుడు ఉన్నదానికి బొక్కలా" అంది. లెన్స్ కన్ను 47 మిల్లీమీటర్లయితే, ఈ బొక్కతో మిగిలేది పాతిక లోపే. కెమెరా పాత కేనన్ 1300డి, అసిస్టెంట్ కుర్రాళ్లు నేర్చుకోవడానికి పెట్టుకున్నది.

ఇందులో గమ్మత్తు ఏమిటంటే, భూమి తిరుగుతుంది కాబట్టి చుక్క ఫ్రేమ్‌లో జరుగుతూ ఉంటుంది. మామూలు ఫొటోకు అది శత్రువు. వర్ణపటానికి చుట్టం. వర్ణపటం సహజంగా దారం పోగంత సన్నగా పడుతుంది. కెమెరాను నిలువుగా తిప్పి, రంగులు పైకీ కిందికీ పరుచుకునేటట్టు బిళ్లను అమర్చి, పది సెకన్లు తెరిచి ఉంచితే చుక్క అడ్డంగా ఒక పదకొండు పిక్సెల్స్ జరుగుతుంది. దారం కాస్తా రిబ్బన్ అవుతుంది. దాన్ని అడ్డంగా కూడుకుంటే ఫొటోలో ఇసుకలా కనపడే నాయిస్ తగ్గి గీతలు బయటపడతాయి. కదిలే చుక్క వెంట కెమెరాను తిప్పే ఖరీదైన మౌంట్ లేనివాడికి ఇంతకంటే ఏం కావాలి.

అనంతపురం వాడికి ఈ చుక్క విషయంలో ఒక వరం ఉంది. లూపస్ దక్షిణంగా, మైనస్ 40 డిగ్రీల దగ్గర ఉంటుంది. లండన్ వాడికి అది ఎప్పటికీ దిగంతం దాటి పైకి రాదు. మాకు రాత్రి తొమ్మిదిన్నరకు నేరుగా దక్షిణాన 35 డిగ్రీల ఎత్తులో నిలబడుతుంది. ఎడమ చేతి వైపు పైన తేలు, అందులో ఎర్రటి జ్యేష్ఠ. కుడి వైపు కింద, ఇళ్లు అడ్డం రాకపోతే, ఆల్ఫా, బీటా సెంటారీ జంట. నడుమ ఉన్నదంతా తోడేలే. లూపస్ అంటే తోడేలనే అర్థం.

శాపాలు కూడా ఉన్నాయి. ఒకటి గాలి. జూన్‌లో మా గాలి సంగతి ఈ జిల్లాలో గాలిమరలు నిలబెట్టినవాళ్లను అడగండి. మిద్దె మీద ట్రైపాడ్ సెతారు తీగలాగా వణుకుతుంది. మధ్య కడ్డీకి పది కిలోల చెనక్కాయల సంచి వేలాడదీశాను. రెండోది మోడం. మూడోది ఎదురింటి మిద్దె మీద లైటు. యాభై వాట్ల ఎల్ఈడీ, సరిగ్గా దక్షిణాన. ఎదురింటి పెద్దాయనకు కూడేరు దగ్గర ఆరెకరాల చేను. విత్తనం కాయలు కొని మిద్దె గదిలో పెట్టుకున్నాడు, లైటు వాటి కాపలాకు.

"పెద్దాయనా, ఒక గంటసేపు ఆ లైటు ఆర్పుతావా?" అని అడిగాను.

"ఎందుకప్పా?"

"ఒక చుక్క చూడాల."

"చుక్కలు చూసేదేముంది, మోడాలు చూడు. వాన ఎప్పుడొస్తుందో చెప్పు."

ఇదే అసలు ఇబ్బంది. జూన్‌లో అనంతపురంలో నిలబడి "ఆకాశం తేటగా ఉంటే బాగుండు" అని పైకి అనలేం. ఊరు ఊరంతా మబ్బు కోసం చూస్తుంటే, మబ్బు పోవాలని కోరుకునేవాడు నేనొక్కణ్ణే. పెద్దాయన ముందు ఆ మాట మింగేశాను. లైటు మాత్రం ఆర్పాడు. "గంటే" అన్నాడు.

18న మోడం. 19న ఆకాశం తేటగానే ఉంది కానీ గాలికి ఒక్క ఫ్రేమ్ కూడా నిలకడగా రాలేదు. 20న అరగంట సందు దొరికితే, ఫోకస్ చూసుకుంటుండగానే మూసుకుపోయింది. 21 శనివారం రాత్రి తొమ్మిదింబావుకు మోడం చీలింది. దక్షిణం అంతా కడిగినట్టు ఉంది. ముందు బిళ్ల లేకుండా ఒక ఫ్రేమ్ తీసి, ఫోన్‌లోని స్టెల్లేరియం పటం పక్కన పెట్టుకుని వెతికాను. డెల్టా లూపై, కప్పా సెంటారీ, రెండూ మూడో మాగ్నిట్యూడ్ చుక్కలు. వాటి నడుమ కాస్త పైకి, పటంలో లేనిది ఒకటి ఫ్రేమ్‌లో ఉంది. చిన్నదే. పదిహేనేళ్లుగా గుంపు ఫొటోల్లో కళ్లు మూసినవాళ్లను వెతికిన కన్ను నాది, పొరపాటు పడదు.

బొక్క క్యాప్ తగిలించి 120 ఫ్రేములు తీశాను, ఒక్కొక్కటి పది సెకన్లు, ఐఎస్ఓ 1600. వెంటనే ఈశాన్యానికి తిప్పి అభిజిత్తును, అంటే వేగాను, పది ఫ్రేములు తీశాను. ఈ చుక్కనే ఎందుకంటే దాని గీతలు ప్రపంచమంతటికీ తెలిసినవే. పైగా ఆ వేళకు అది కూడా 40 డిగ్రీల ఎత్తు ప్రాంతంలోనే ఉంది. రెండింటి వెలుగూ దాదాపు ఒకే మందం గాలి, ఒకే దుమ్ము దాటి వస్తుంది. వేగా మా ఫంక్షన్ల భాషలో గ్రే కార్డు లాంటిది. పెళ్లి మంటపంలో మొదట రంగులు సరిచూసుకోవడానికి గ్రే కార్డు పట్టుకుని ఒక ఫొటో తీసుకుంటాం చూడండి, అలాగ.

ఫ్రేములన్నీ ల్యాప్‌టాప్‌లో దించి, ఒకదాని మీద ఒకటి పేర్చి, రిబ్బన్‌ను కూడి గ్రాఫ్ గీసేసరికి రాత్రి ఒంటిగంట. ఎరుపు చివర ఒక గుట్ట లేచింది! దాని నీలం పక్కన ఒక పల్లం కూడా.

ఆ పల్లం చూసి నాకు నిద్ర ఎగిరిపోయింది. నోవా అంటే, భూమంత సైజులో సూర్యుడంత బరువుండే ఒక శ్వేత కుబ్జం తన పక్క నక్షత్రం నుంచి హైడ్రోజన్ లాక్కుని ఒంటిమీద పోగేసుకుంటుంది. ఆ పొర అడుగున వేడీ ఒత్తిడీ ముదిరి ఒక్కసారిగా అణుమంట అంటుకుని, పై పొర అంతా ఎగిరిపోతుంది. నక్షత్రం చావదు, దుప్పటి విసిరేసినట్టు. అలా ఎగిరే వాయువులో మనకు ఎదురుగా వచ్చే భాగం వెనక నుంచి వచ్చే వెలుగును కొంత మింగేస్తుంది. మన వైపు వస్తోంది కాబట్టి ఆ మింగుడు నీలం పక్కకు జరిగి పడుతుంది. గుట్ట, దానికి నీలం పక్కన పల్లం. హంస మండలంలోని పి సిగ్ని అనే నక్షత్రంలో ఈ ఆకారం ప్రసిద్ధి, అందుకే ఆ పేరుతోనే పిలుస్తారు. గుట్ట నుంచి పల్లం ఎంత దూరమో కొలిస్తే వాయువు వేగం తెలిసిపోతుంది.

కొలిచాను. ఎనిమిది పిక్సెల్స్. లెక్క వేస్తే సెకనుకు 1860 కిలోమీటర్లు. ఒక్క సెకనులో అనంతపురంలో బయల్దేరి ఢిల్లీ దాటిపోవడం. నోవాల వేగాలు వందల నుంచి వేలల్లోనే ఉంటాయి కాబట్టి నాకు అనుమానమే రాలేదు. మా ఆవిడను లేపి చెప్పాను. "ఆ వేగంతో ఆల్బమ్‌లు ఇవ్వచ్చు కదా" అని అటు తిరిగి పడుకుంది.

పొద్దున కాఫీ తాగుతూ వేగా గ్రాఫ్ తెరిచాను. అందులో హైడ్రోజన్ నల్లగీతలు ఉండాలి, ఉన్నాయి. కానీ ప్రతి నల్లగీతకు రెండు పక్కలా తెల్లటి అంచు ఉంది. చీర అంచు కుట్టినట్టు. వేగాలో అలాంటిది ఉండకూడదు. ఒక నిమిషం అలా చూస్తుండగానే కడుపులో దేవినట్టయింది. ఆ అంచు నాకు బాగా తెలుసు. కొత్త కుర్రాళ్లు షార్పెన్ ఎక్కువ పెడితే పెళ్లికొడుకు జుట్టు చుట్టూ వచ్చే తెల్లగీత అదే. వందసార్లు వాళ్లను తిట్టాను దాని గురించి.

లైట్‌రూమ్ అనే ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లో ఫొటోలు దించగానే నా పెళ్లి ప్రీసెట్ దానంతటదే పడేటట్టు ఎప్పుడో పెట్టుకున్నాను. షార్పెన్, క్లారిటీ, కాస్త వెచ్చటి రంగు. పని తొందరగా అవుతుందని. అది నోవాకు కూడా మేకప్ వేసింది. నల్లగీత పక్కన తెల్ల అంచు తయారు చేసినట్టే, వెలుగు గుట్ట పక్కన నల్ల పల్లం తయారు చేసింది. రెండు పక్కలా చేసింది. కానీ ఎరుపు వైపున కెమెరా చూపు మందగిస్తుంది కాబట్టి అటు పల్లం ఇసుకలో కలిసిపోయి, నీలం పక్కది మాత్రమే నాకు కనపడింది. నేను కొలిచిన 1860 కిలోమీటర్లు నా షార్పెనింగ్ రేడియస్ వేగం!

ఆదివారం మధ్యాహ్నం షాపు షట్టర్ సగం దించి మళ్లీ మొదలుపెట్టాను. రా ఫైళ్లు, ప్రీసెట్ లేదు, షార్పెన్ సున్నా, కాంట్రాస్ట్ వంపు లేదు, వచ్చిన వెలుగు వచ్చినట్టు. రిబ్బన్‌కు రెండు పక్కలా ఉన్న ఆకాశం వెలుగును, అంటే ఊరి ఎల్ఈడీల బూడిద రంగును, కొలిచి తీసేశాను. ఈ పద్ధతిలో నగరం పెద్ద అడ్డు కాదు. ఊరి వెలుగు ఫ్రేమ్ అంతా పలచగా పరుచుకుంటుంది. నోవా మాత్రం తన వెలుగులో మంచి భాగాన్ని రెండు మూడు గీతల్లో కుక్కి పంపుతుంది. గుంపులో మైకు పట్టుకున్నవాడి లెక్క.

వేగాలో హైడ్రోజన్ బీటా గీత చుక్క నుంచి 955 పిక్సెల్స్ దూరంలో ఉంది. అది 4861 ఆంగ్‌స్ట్రామ్‌లని పుస్తకాల్లో ఉంటుంది. సెంటీమీటరులో పది కోట్లో వంతు ఒక ఆంగ్‌స్ట్రామ్. భాగిస్తే పిక్సెల్‌కు 5.09. నోవా ఎర్ర గుట్ట శిఖరం 1290వ పిక్సెల్ మీద ఉంది. గుణిస్తే 6566. హైడ్రోజన్ ఆల్ఫా గీత 6563. తేడా మూడు, ఒక పిక్సెల్ కూడా కాదు. పల్లం లేదు. ఉంటే ఉండొచ్చు, నా బిళ్లకు కనపడదు. సెకనుకు వెయ్యి కిలోమీటర్ల వేగమంటే ఆ గీత దగ్గర 22 ఆంగ్‌స్ట్రామ్‌లు, నాలుగున్నర పిక్సెల్స్ లోపు. నా లెన్స్‌లో మామూలు చుక్కే నాలుగైదు పిక్సెల్స్ లావుంటుంది. ఆకుపచ్చలో, 5018, 5169 దగ్గర ఇనుము గీతలు రావాల్సిన చోట చిన్న ఉబ్బులున్నట్టు అనిపిస్తుంది. ఉన్నాయని చెప్పాలని ఉంది. చెప్పను.

ఎర్ర గుట్ట కూడా ఉండాల్సినంత ఎత్తు లేదు. మామూలు కెమెరాల్లో సెన్సార్ ముందు ఒక ఫిల్టర్ ఉంటుంది. మనుషుల ముఖాలు, బట్టలు కంటికి కనపడినట్టే రావడానికి ముదురు ఎరుపును, దాని అవతల కనపడని వెలుగును కోసేస్తుంది. హైడ్రోజన్ ఆల్ఫా సరిగ్గా ఆ కోత అంచున పడుతుంది, నాలుగో వంతు దాటితే గొప్ప. అంటే ఇన్నాళ్లూ నాకు అన్నం పెట్టిన ఫిల్టరే ఇప్పుడు నోవా నోరు నొక్కింది. అయినా ఆ గుట్ట లేచిందంటే అసలు అది ఎంత గట్టిగా వెలుగుతోందో.

గుంటూరుకు పెళ్లి షూట్‌లకు చాలాసార్లు వెళ్లాను. 1868 ఆగస్టు 18న అక్కడ సంపూర్ణ సూర్యగ్రహణం పట్టిందనీ, జాన్సెన్ అనే ఫ్రెంచి ఆయన వర్ణదర్శిని పెట్టుకుని సూర్యుడి అంచున లేచే జ్వాలల్లో ఈ హైడ్రోజన్ గీతలనే మెరుస్తుండగా చూశాడనీ, మర్నాడు గ్రహణం లేకపోయినా అవే గీతలు మళ్లీ పట్టుకున్నాడనీ బిర్యానీ తినేటప్పుడు ఎవరూ చెప్పలేదు. అదే రోజు మచిలీపట్నంలో పాగ్సన్ ఉన్నాడు, మద్రాసు అబ్జర్వేటరీ ఆయన. మనం వాడే మాగ్నిట్యూడ్ కొలత ఆయన కట్టినదే, అంకె అయిదు మెట్లు తగ్గితే వెలుగు నూరు రెట్లు. ఆ గ్రహణంలో కనపడిన పసుపు గీత సోడియంది కాదని తేలాక దానికి హీలియం అని పేరొచ్చింది. హీలియం గీత 5876, సోడియం జంట 5890, 5896. నా బిళ్ల మీద ఆ తేడా మూడు నాలుగు పిక్సెల్స్. నేనైతే రెండూ ఒకటే అని రాసేసి బిర్యానీకి వెళ్లిపోయేవాణ్ణి.

అంతకు రెండేళ్ల ముందు, 1866 మేలో, హగ్గిన్స్ అనే ఇంగ్లీషు ఖగోళ శాస్త్రవేత్త లండన్‌లో మొట్టమొదటిసారి ఒక నోవా వర్ణపటం చూశాడు. టీ కరోనా బొరియాలిస్ అని ఆ చుక్క పేరు. మెరిసే హైడ్రోజన్ గీతలు. అది మళ్లీ 1946లో పేలింది, మళ్లీ పేలుతుందని అందరూ కాచుకుని ఉన్నారు. ఇది రాసేనాటికి పేలలేదు. పేలితే రెండో మాగ్నిట్యూడ్ దాకా వస్తుంది, మా మిద్దె మీద కంటికే కనపడుతుంది. ముహూర్తాల రోజుల్లో పేలకుంటే చాలు. 1300డి లోపలి ఫిల్టర్ తీయించేద్దామా అని బేరం చేస్తున్నాను. తీయిస్తే ఇక దానితో పెళ్లిళ్లు తీయలేం, పెళ్లికూతుళ్లందరూ వడదెబ్బ తగిలినట్టు వస్తారు. అదే జూన్‌లో వీలా మండలంలో ఇంకో నోవా కూడా కంటికి కనపడే వెలుగుకు వచ్చింది. అది మాకు చీకటిపడేసరికే నైరుతిలో ఇళ్ల మీదికి వాలిపోయేది, నేను వెళ్లిన రెండు రోజులూ మోడమే.

పెద్దాయన ఒకరోజు మా మిద్దె ఎక్కి ల్యాప్‌టాప్ చూశాడు. "ఇదేనా నీ చుక్క?" అన్నాడు. "ఇది చుక్క కాదు, చుక్క లోపల ఏముందో చెప్పే గీత. ఈ గుట్ట హైడ్రోజన్" అని చూపించాను. దగ్గరికి వంగి, కళ్లజోడు పైకెత్తి, చాలాసేపు చూశాడు.

"ఇంత బుడిపెకా నాలుగు రోజులు నా లైటు ఆర్పించినావు?"

నిన్న రాత్రి తొమ్మిదికి బట్టలు తీయడానికి మిద్దె ఎక్కాను. తడిగాలి, నల్లగా మోడం, ఒక్క చుక్క లేదు. ఎదురింటి లైటు ఆరి ఉంది. "ఈ రోజు ఏమీ కనపడదు పెద్దాయనా, వేసుకో" అని కేకేశాను.

"నీ చుక్కకు కాదులేప్పా," అన్నాడు చీకట్లో నుంచి, "లైటుంటే మోడం సరిగ్గా కనపళ్యా."